ఫీజు లెక్క మీ చేత్తోనే రాయండి

‘సీటొస్తే చాలు, ఫీజు సంగతి నాన్న చూసుకుంటాడు’ అనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందే ఓ తెల్లకాగితం తీసుకుని నాలుగేళ్ళ ఖర్చు మీరే రాయండి. కాలేజీ ఫీజు, హాస్టలు, ల్యాప్‌టాప్, పండక్కి ఊరెళ్ళొచ్చే బస్సు చార్జీలు... అన్నీ. ఆ కాగితం నాన్న ముందు పెట్టి, ‘ఇందులో మన దగ్గర ఎంతుంది?’ అని అడగండి. పొలం అమ్మాలా వద్దా అన్న మాట మీకు తెలియకుండా తేలకూడదు.

తిరిగి కట్టనక్కర్లేని డబ్బు సంగతి ముందు చూడండి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షల ఇళ్ళలో మొదటి ఇంజినీరును నిలబెట్టింది. అయితే అది మొత్తం ఫీజుకు సరిపోతుందనుకోవద్దు. తెలంగాణలో ర్యాంకు 10 వేలు దాటిన బీసీ, ఈబీసీ ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏళ్ళ తరబడి ఇస్తున్నది ఏడాదికి 35 వేలే. ఆ డబ్బూ ఆలస్యం కావచ్చు. అది రాలేదని కాలేజీ ఆపేసిన సర్టిఫికెట్ల కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతుందేమోనని కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లల్ని చూశాను. ఒక్క ఏడాది ఫీజుకైనా వేరే దారి సిద్ధంగా ఉంచుకోండి.

తర్వాత అప్పు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా నష్టపోతున్నారు. బ్యాంకు చుట్టూ తిరగలేక ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. అంటే ఏడాదికి 24 శాతం. 10 లక్షలకు నెలనెలా 20 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. అదే బ్యాంకులో ఏటా రెండున్నర లక్షల చొప్పున 10 లక్షలు, 10 శాతానికి తీసుకున్నారనుకోండి. చదివే నాలుగేళ్ళూ, ఆపైన ఓ ఏడాదీ వాయిదాలుండవు. బారువడ్డీ మూడున్నర లక్షలు కలిసి అప్పు పదమూడున్నర లక్షలవుతుంది. పదేళ్ళలో తీర్చడానికి నెలకు దాదాపు 17,800 కడితే అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. ఊరి అప్పుకు వడ్డీ ఒక్కటే ఇంతకన్నా ఎక్కువ!

ఇంకో సంగతి. మొదటి ఏడాది వడ్డీ నెలకు రెండు వేల పైచిలుకే. వీధిలో నలుగురు పిల్లలకు లెక్కలు చెప్పినా వస్తుంది. చదువుతుండగానే వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి కూడా. అడగనిదే ఎవరూ చెప్పరు, అడగండి.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టు, పూచీకత్తు అక్కర్లేదు. ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పుపై మూడు శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి, సీటు మెరిట్ మీద రావాలి. కాబట్టి ఆప్షన్లు పెట్టేటప్పుడే జాబితా చూడండి. చేరాక చూస్తే చేసేదేమీ ఉండదు.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక మాట. ‘పార్ట్‌టైం చేసి ఫీజు కట్టేస్తా’ అని ఇంట్లో మాటివ్వకండి. ఎఫ్-1 వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లోనే. 40 లక్షల అప్పుకు 11 శాతం చొప్పున వడ్డీయే నెలకు 36 వేలు దాటుతుంది. అక్కడ ఉద్యోగం దొరక్క వెనక్కి వస్తే, ఇక్కడి మొదటి జీతంతో అంత కట్టగలరా? అదే కాగితం మీద రాసి చూడండి. కుదరదని తేలితే జర్మనీ సంగతి కనుక్కోండి, అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. లేదా గేట్ రాయండి. ఎంటెక్‌లో సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ మీకే ఎదురిస్తారు.