కారు కట్టాలనుకుంటున్న మేనల్లుడికి

బర్మింగ్‌హామ్

సుధీర్,

కొవెంట్రీలో ఎవరో సగం కట్టి వదిలేసిన కిట్ కారు (విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కారు) అమ్మకానికి ఉందనీ, చవగ్గా వస్తోందనీ, కొనమంటావా అనీ అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: కారు తప్పకుండా కట్టు. ఆ కారు మాత్రం కొనకు.

నీకు పని రాదని కాదు. బీటెక్‌లో మీ జట్టు బగ్గీ కట్టి ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో విద్యార్థుల బాహా పోటీకి తీసుకెళ్లినప్పుడు ఆ ఫొటోలు చూసి ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. వెల్డింగు, సస్పెన్షను నీకు కొత్త కాదు. కానీ ఆ బగ్గీ పోటీ మైదానం దాటి రోడ్డెక్కలేదు. మన దేశంలో ఒక మనిషి తన షెడ్డులో ఒక్క కారు కట్టి, దానికి నంబరు ఇమ్మని ఆర్టీవో ఆఫీసుకు వెళ్తే దారి దొరకడం దాదాపు అసాధ్యం. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థలో ప్రోటోటైపును పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ పద్ధతి కంపెనీల కోసం ఏర్పాటైంది, ఒంటరి మనిషి కోసం కాదు. ఉన్న బండిని మార్చుకోవడం మీద కూడా 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీల పనితనం చూసినవాడిని. అలాంటి చేతులున్న మన కుర్రాళ్లకు ఈ అవకాశం లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంగ్లండులో ఆ దారి ఉంది. ఒక్కడు కట్టిన ఒక్క కారును కూడా ప్రభుత్వం నిలబెట్టి పరీక్షిస్తుంది, నెగ్గితే నంబరిస్తుంది. దీని వెనక పాత కథ ఉంది. 1957లో లోటస్ కంపెనీ అధినేత కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అప్పట్లో పూర్తిగా తయారైన కారుకు పర్చేజ్ టాక్స్ పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అయితే బిగించే సూచనలు మాత్రం కిట్‌తో పాటు ఇవ్వకూడదు. అందుకని ఊడదీసే సూచనలు ఇచ్చి, వెనక నుంచి ముందుకు చదువుకోమన్నారని చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ పన్ను లాభం పోయింది, సెవెన్ కేటర్‌హామ్ వాళ్ల చేతికి వెళ్లింది. అయినా కట్టేవాళ్లు ఆగలేదు. 1996లో ఔండల్ స్కూల్లో పాఠాలు చెప్పే రాన్ ఛాంపియన్ 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ ఒకటి, చదరపు ఇనుప గొట్టాలు, ఒక వెల్డింగు మెషీను చాలన్నాడు. 'లోకాస్ట్' అని జనం పిలిచే కార్లన్నీ దాని సంతానమే.

ఇక పరీక్ష సంగతి. 1998లో ఎస్‌వీఏ (సింగిల్ వెహికల్ అప్రూవల్) పేరుతో మొదలైంది, 2009 నుంచి ఐవీఏ (ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్) అంటున్నారు. దీన్ని చాలామంది అడ్డుగోడలా చూస్తారు. అందరూ సణిగేది పదును అంచుల గురించే. పరీక్షకుడి దగ్గర 100 మిల్లీమీటర్ల గోళం ఉంటుంది. దాన్ని కారు బయటి భాగాల మీద ఆనించి చూస్తాడు. గోళం తగలగలిగిన ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. సెవెన్ తరహా కారులో ముందు చక్రాలు, సస్పెన్షన్ చేతులు బయటికే ఉంటాయి కదా, అక్కడ పొడుచుకొచ్చిన ప్రతి బోల్టు చివరా, ప్రతి బ్రాకెట్ మూలా లెక్కలోకి వస్తుంది. అందుకే నట్ల మీద ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచుల వెంట రబ్బరు పట్టీలు కనిపిస్తాయి. కొందరు వాటిని పరీక్ష రోజుకు తగిలించి మర్నాడే పీకేస్తారు. నువ్వలా చెయ్యొద్దు. ఆ గోళం నిన్ను వేధించడానికి పెట్టింది కాదు. రోడ్డు దాటుతున్న పిల్లాడి తలో, సైకిల్ మీది ముసలాయన మోకాలో నీ కారుకు తగిలితే ఏమవుతుందో ముందుగా అడగడానికి పెట్టింది.

ఇంకోటి, స్టీరింగు. కారును నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ పరీక్షకుడు స్టీరింగు పట్టు సడలిస్తాడు. అది తనంతట తాను సూటి వైపు తిరగడం మొదలుపెట్టాలి. కొన్ని కిట్ కార్లు ఇక్కడే చిక్కుకుంటాయి. కారణం నీకు అర్థమవుతుంది. భాగాల కోసం ఊడదీసే పాత కారు (దాత కారు అంటారు) ముందు భాగం బరువుగా ఉంటుంది, దాని చక్రాల జ్యామితి ఆ బరువుకు సరిపోయేలా ఉంటుంది. అవే భాగాలు సగం బరువున్న కారుకు తగిలిస్తే చక్రాన్ని వెనక్కి తెచ్చే బలం చాలదు. క్యాస్టర్ కోణం (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచుకునే వీలు మొదటి నుంచే ఉంచుకోవాలి. ఛాసిస్ వెల్డయ్యాక గుర్తొస్తే కోసి మళ్లీ అతకాలి. బ్రేకులదీ అంతే. వెనక చక్రాలు ముందు చక్రాల కంటే ముందే లాక్ కాకూడదు, అలా అయితే తడి రోడ్డు మీద కారు బొంగరంలా తిరుగుతుంది. వెనక తేలిక ఉన్న కారులో ఇది ఊరికే కుదరదు. బ్రేకు గొట్టాలు ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక క్లిప్పుతో గట్టిగా పట్టి ఉండాలి, ఎక్కడా రాపిడి ఉండకూడదు. బిగించిన ప్రతి నట్టునూ టార్క్ రెంచితో సరిచూసి, దాని మీద పెయింటు పెన్నుతో గీత పెట్టు. ఆర్నెల్ల తర్వాత ఆ గీత విరిగి కనిపిస్తే నట్టు వదులైందని చూడగానే తెలుస్తుంది.

స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు, వెనక ఫాగ్ లైటు ఉండాలి. ఇలాంటివన్నీ మాన్యువల్లో ఉన్నాయి. ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మొదటి గొట్టం కోయకముందే మొత్తం చదువు.

ఇప్పుడు ఆ సగం కారు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఐవీఏలో సొంతంగా కట్టుకున్న కారుకు ఇచ్చే వెసులుబాటు కావాలంటే అది నిజంగా ఔత్సాహికుడు కట్టిందేనని రుజువు చూపాలి. అంటే కట్టేటప్పటి ఫొటోలు, భాగాల రసీదులు. అక్కడ నెగ్గాక కాగితాలు స్వాన్సీలోని వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకు వెళ్తాయి: రిజిస్ట్రేషన్ ఫారం, ఏ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే నిర్మాణ నివేదిక, ఐవీఏ ధ్రువపత్రం, రసీదులు, దాత కారు లాగ్‌బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం). అన్నీ కొత్త భాగాలైతే కొత్త నంబరు వస్తుంది. ఒకే దాత కారు నుంచి ప్రధాన భాగాలు తీసుకుని, అది రుజువు చేస్తే ఆ కారు వయసుకు తగ్గ నంబరు వస్తుంది. ఏదీ రుజువు కాకపోతే 'క్యూ' అక్షరంతో మొదలయ్యే ప్లేటు వస్తుంది. క్యూ ప్లేటుతో కారు నడుపుకోవచ్చు, అందులో నేరమేమీ లేదు, కానీ రేపు అమ్మబోతే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు, ఇన్సూరెన్సు వాళ్లు కొందరు వద్దంటారు. నువ్వు చూపించిన కారుకు రసీదుల్లేవు, లాగ్‌బుక్కు లేదు, ఇంజిను ఏ యేటిదో అమ్మేవాడికే తెలీదు. పొగ పరీక్షలో ఏ పరిమితి వర్తిస్తుందన్నది ఇంజిను వయసును బట్టే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ వెల్డింగులు ఎవరు చేశారో నీకు తెలియదు. రంగు కింద ఏముందో తెలియని అతుకుల మీద కూర్చుని గంటకు 70 మైళ్ల వేగంతో వెళ్లడం నాకు ఇష్టం లేదు. మీ అమ్మకు నేను జవాబు చెప్పాలి.

దానికి బదులు లాగ్‌బుక్కు ఉన్న పాత మజ్దా ఎంఎక్స్-5 ఒకటి వెతుకుదాం. తుప్పు తిన్న బాడీ ఉన్నా ఇంజిను, గేర్‌బాక్సు బాగుంటే చాలు. ఆ కారును దాతగా తీసుకునే కిట్లు మార్కెట్లో ఉన్నాయి. ఊడదీసిన రోజు నుంచే ఫొటోలు తియ్యి, ప్రతి ఫొటోలో ఎక్కడో ఒకచోట నువ్వూ కనిపించు. అణా పైస రసీదు కూడా దాచు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. కిట్ ధర చూసి లెక్క వేసుకోకు. టైర్లు, ద్రవాలు, సీట్లు, తీగలు, నట్లు కలిసి అంచనాను ఎప్పుడూ దాటేస్తాయి. ఇన్సూరెన్సు ఖర్చు లైసెన్సును బట్టి ఉంటుంది; మన దేశపు లైసెన్సుతో ఇక్కడ నడపగలిగేది వచ్చి స్థిరపడ్డ 12 నెలల వరకే. నీకు ఆ గడువు దగ్గర పడుతోంది. ముందు ఇక్కడి లైసెన్సు తెచ్చుకో. కొత్త డ్రైవరుకు, అదీ సొంతంగా కట్టిన కారుకు ఇన్సూరెన్సు ఎంత అడుగుతారో కిట్ కొనకముందే కనుక్కో. నంబరు రాకముందే పరీక్షకు నడుపుకుంటూ వెళ్లొచ్చు, కానీ పరీక్ష ముందుగా బుక్కయి ఉండాలి, ఛాసిస్ నంబరు మీద ఇన్సూరెన్సు ఉండాలి. ట్రైలర్ మీద తీసుకెళ్లడమే మేలని నా ఉద్దేశం.

మీ అద్దె ఇంట్లో కారు పెట్టే చోటు లేదు. మా గ్యారేజీ ఉంది. శనాదివారాలు వచ్చి పని చేసుకో, భోజనం అత్తయ్య చూసుకుంటుంది. మే మొదటి వారాంతంలో మీ కొవెంట్రీ పక్కనే స్టోన్‌లీలో కిట్ కార్ల ప్రదర్శన జరుగుతుంది. కట్టినవాళ్లే తమ కార్ల పక్కన నిలబడి ఉంటారు, ఏది అడిగినా దాచుకోకుండా చెప్తారు. ఇద్దరం వెళ్దాం. ఈలోపు ఆ అమ్మేవాడికి బయానా ఇవ్వకు. డిసర్టేషన్ పూర్తి చేసి, లైసెన్సు పరీక్షకు తేదీ తీసుకుని నాకు ఫోన్ చెయ్యి.

శుభాశీస్సులతో,
మీ మామయ్య