అంగడి పిండితో అట్లు

బియ్యపు పిండినో పప్పు పిండినో నీటితో జారుగా కలిపి, కాగిన పెనముపై పలుచగా పఱచి కాల్చు వంటకము మన దేశమున పెక్కు పేళ్లతో చెల్లుచున్నది. కోస్తా జిల్లాలవారు దానిని అట్టు అందురు. రాయలసీమవారును, కర్ణాటక తమిళనాడులలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో పలువురును దోసె అందురు. మన యిరుగుపొరుగు భాషలవారికిని ఇట్టి వంటకములు కలవు. కన్నడిగుల దోసె, తుళునాటి నీరుదోసె, తమిళుల దోశై, అడై, ఒడిశావారి చకులి పిఠా, కొంకణమున మరాఠీవారి ఘావన్, ఇవియన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య రాజగు మూడవ సోమేశ్వరుని మానసోల్లాసమను సంస్కృత గ్రంథమునందు ధోసకమను వంటకము పేర్కొనబడినది. అది పప్పుపిండితో చేయునది. ఇక అట్లతద్దినాడు మన ఆడపడుచులు వాయనమిచ్చు అట్ల సంగతి ఎల్లరు నెఱిగినదే. కావున అట్టు మనకు క్రొత్తది కాదు. క్రొత్తది పొట్లము.

నేడు పట్టణములందే కాక పెద్ద గ్రామములందును కిరాణా అంగళ్లలో దోసెపిండి పొట్లములు దొరకుచున్నవి. వీనిలో రుబ్బిన తడిపిండి యొకటి, పొడి మిశ్రమ మొకటి. మనమిచ్చట చెప్పుకొనునది పొడి మిశ్రమమును గూర్చియే. కొందఱు పెద్దలు ఈ పొట్లమును చూచి ముఖము చిట్లించి, రుబ్బుటకు ఓపిక లేనివారి తిండి యని ఈసడింతురు. ఈ మాట న్యాయము కాదని మా అభిప్రాయము. తల్లియు తండ్రియు నిరువురును పనికేగి, ప్రొద్దు గ్రుంకిన పిదప ఇల్లు చేరు కుటుంబములు మనలో ఎన్నియో కలవు. ఆకలితో బడినుండి వచ్చిన బిడ్డకు అరగంటలో వేడి అట్టు దొరకుట చిన్న మేలు కాదు. ఐనను ఆ పొట్లమును రుబ్బిన పిండివలెనే వాడబూనినచో అట్టు చెడును. రెండింటి స్వభావములును వేఱు. ఆ భేదమును ముందుగా తెలిసికొందము.

ఇంట దోసెపిండి చేయువారు మూడు పాళ్లు బియ్యమునకు ఒక పాలు మినపప్పు చొప్పున తీసికొని, చెంచాడు మెంతులు చేర్చి, అయిదాఱు గంటలు నానబెట్టి రుబ్బుదురు. ఆ పిండిని మూతపెట్టి ఉంచగా మఱునాటికి అది పొంగి పులియును. దానిని పులియజేయునది కంటికి కనబడని సూక్ష్మజీవుల సమూహము. వానిలో ముఖ్యమైన దానికి ల్యూకోనాస్టాక్ అని శాస్త్రజ్ఞులు పేరిడిరి. ఇవి పప్పునను బియ్యమునను సహజముగనే యుండును. కావున పాలకు తోడువేసినట్లు పిండికి తోడు వేయ నక్కఱలేదు. ఈ జీవులు పిండిలోని చక్కెరలను ఆహారముగా గ్రహించి లాక్టిక్ ఆమ్లమును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆమ్లము వలన పులుపు, వాయువు వలన పొంగు కలుగును. మినపప్పునందలి జిగురు ఆ వాయు బుడగలను పోనీయక పట్టి యుంచును. మినుములు తక్కువైన పిండి ఎంత పులిసినను పొంగకపోవుటకు కారణమిదియే.

దీనికి సాధారణముగా ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు పట్టును. కోలారు, బెంగుళూరు ప్రాంతముల పుష్యమాసపు చలిలో అంతకంటె ఎక్కువయే పట్టవచ్చును. చెన్నపట్టణపు ఎండకాలమున తెల్లవాఱకముందే పిండి గిన్నె దాటి పొరలును. పులియుటవలన మఱియొక లాభము కలదు. ధాన్యములలోను పప్పులలోను ఫైటిక్ ఆమ్లమను పదార్థముండి, ఇనుము వంటి లవణములు శరీరమునకు ఒంటకుండ అడ్డగించును. పులిసిన పిండిలో ఈ పదార్థము తగ్గును.

పొడి మిశ్రమమునందు ఈ జీవుల పని జరుగుటకు వ్యవధి లేదు. అందుచే తయారుచేయువారు పెక్కు మిశ్రమములలో బియ్యపుపిండి, మినపపిండి, ఉప్పులతో పాటు వంటసోడాను, నిమ్మ ఉప్పు అనబడు సిట్రిక్ ఆమ్లమును చేర్తురు. ఈ రెండును పొడిగా నున్నంతకాలము ఒకదాని జోలికి ఒకటి పోవు. నీరు తగిలిన తక్షణమే కలిసి చర్య జరుపును. సోడియము సిట్రేటు, నీరు, బొగ్గుపులుసు వాయువు పుట్టును. పై తరగతులవారు ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును: 252 గ్రాముల వంటసోడాకు 192 గ్రాముల నిర్జల సిట్రిక్ ఆమ్లము సరిపోవును, వాని వలన 258 గ్రాముల సిట్రేటు, 54 గ్రాముల నీరు, 132 గ్రాముల వాయువు ఏర్పడును. ఇరుప్రక్కల మొత్తము 444 గ్రాములే. ద్రవ్యము నశింపదను సూత్రమునకు దోసెపిండికంటె దగ్గఱి ఉదాహరణము ఏమి కావలెను?

అనగా రాత్రియంతయు జరుగవలసిన పొంగు ఇచ్చట నిమిషములలో జరిగి, నిమిషములలోనే అడగిపోవును. కావున పిండి కలిపిన పిదప పొట్లముపై వ్రాసినంతసేపు, సాధారణముగా పది పదునైదు నిమిషములు, నానబెట్టి వెంటనే అట్లు పోయవలెను. ఇంకను బాగుగా పులియునను తలంపుతో రాత్రి కలిపి ఉదయము పోయుట వ్యర్థము. ఆ పూటకు వలసినంతయే కలుపవలెను. పిండి చాలునంత లేచినట్లు తోపలేదని ఇంట నున్న సోడాను మఱికొంత వేయువారు కలరు. ఆమ్లమునకు మించిన సోడా అట్లే మిగిలిపోయి, అట్టుకు సబ్బు వంటి రుచిని తెచ్చును. బి-1 విటమినును కూడ చెఱచును.

ఇట్టి మిశ్రమముల చరిత్ర చాల పాతది కాదు. అమెరికా దేశమున మిస్సోరి రాష్ట్రమునందు 1889లో మందపు అట్ల పిండి మిశ్రమమును మొదట అమ్మిరి. మన ప్రక్క బెంగుళూరున 1924లో స్థాపింపబడిన మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు, రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యము కఱవైనప్పుడు గోధుమరవ్వతో ఇడ్లీ చేసితిమని చెప్పుదురు. పులియబెట్టక సోడాతో పొంగించు రవ్వ ఇడ్లీ ఒక విధముగా నేటి పొట్లమునకు అన్నగారు.

ఇక పొట్లమును చదువుట. మా దృష్టిలో ఈ పాఠమున అన్నిటికంటె ముఖ్యమైన భాగమిది. పొట్లముపై తప్పక ఉండవలసిన వివరములు ఆంగ్లముననో దేవనాగరి లిపిలోని హిందీయందో యుండవలెనని మన దేశపు 2020వ సంవత్సరపు ఆహార లేబిలు నిబంధనలు చెప్పుచున్నవి. ఇతర భాషలను అదనముగా చేర్చుకొనవచ్చును. మనము నివసించు తావులలో ఆ అదనపు భాష, ఉన్నచో, తఱచుగా ఆ రాష్ట్ర భాషయే యగును. తెలుగు కనబడుట అరుదు. ఇంటిలో తెలుగు మాత్రమే చదువగల నాయనమ్మకో అమ్మమ్మకో ఆ పొట్లము మూగది. దానికి నోరిచ్చువారు మీరే.

ఏమి చదువవలెను? పదార్థముల పట్టిక బరువును బట్టి ఎక్కువనుండి తక్కువకు దిగుచు వ్రాయబడును. మొదటి పేరు ఏదియో అదియే పొట్లమున అధికము. దోసెపిండి యని కొన్నదానిలో మొదట మైదాయో గోధుమరవ్వయో కనబడినచో దాని రుచి మినపదోసె రుచి కాజాలదని కొనకముందే తెలియును. 500(ii) అను అంకె వంటసోడాకు, 330 అను అంకె సిట్రిక్ ఆమ్లమునకు గుఱుతు. చతురస్రములోని ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు చిహ్నము. గోధుమ, పాలు మున్నగు పడని పదార్థముల హెచ్చరిక వేఱుగా నుండును. పిమ్మట సోడియము. వంటసోడాయందును ఉప్పునందును సోడియమున్నది. పట్టికలోని సోడియమును రెండున్నరచే హెచ్చించిన, అది ఎంత ఉప్పుతో సమానమో తెలియును. నూఱు గ్రాముల పిండిలో సోడియము 800 మిల్లీగ్రాములనుకొందము. అది 2 గ్రాముల ఉప్పుతో సమానము. పెద్దవారు దినమునకు 5 గ్రాములలోపే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపుపోటు గల తాతగారు పచ్చడితో మూడట్లు తినబోవునప్పుడు ఈ లెక్క వట్టి లెక్క కాదు.

ఇప్పుడు పెనము దగ్గఱకు పోదము. చిన్నవారు పెద్దలు ప్రక్కనుండగనే పొయ్యి వెలిగింపవలెను.

గిన్నెలో ముందుగా పిండి వేసి, పొట్లముపై చెప్పిన నీటిలో ముప్పాతిక వంతు కొద్దికొద్దిగా పోయుచు ఉండలు కట్టకుండ కలుపుడు. తక్కిన నీటిని ఒక్కమాఱుగా పోయక, పిండి గరిటెనుండి తెగక ధారగా జాఱువఱకు చేర్చుచు పొండు. పిండి నానుచుండగా పెనము కాల్పుడు. ఇనుప పెనమైనచో కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దుడు. అంటని పూతగల పెనమైనచో వట్టిదానిని అధికముగా కాల్పరాదు. ఇనుప అట్లకాడతో గీఱరాదు, కొయ్యదానిని వాడుడు.

పెనము వేడిని నీటిచుక్కతో పరీక్షింపవచ్చును. చుక్క అచ్చటనే నిలిచి మెల్లగా మఱగిన వేడి చాలదు. చుఱ్ఱుమని వెంటనే ఇగిరిన సరిపోయినది. ముత్యములవలె విడి పెనముపై పరుగెత్తినచో వేడి మిక్కుటమైనది. చుక్క అడుగున ఆవిరిపొర యేర్పడి దానిని పెనమునకు తాకనీయకుండుటచే అట్లు పరుగెత్తును. 1756లో దీనిని వర్ణించిన జర్మను వైద్యుని పేర లైడెన్‌ఫ్రాస్టు ప్రభావమందురు. మిక్కిలి కాగిన పెనముపై పోసిన పిండి పోసినచోటనే గట్టిపడి గరిటెకు చుట్టుకొనును. పలుచగా తిప్పుటకు వీలుకాదు. పెనముపై నీళ్లు చిలికి గుడ్డతో తుడుచుట ఆచారము కాదు, వేడి తగ్గించు ఉపాయము.

నడుమ గరిటెడు పిండి పోసి, గరిటె అడుగుతో ఒత్తక తేలికగా చుట్లు చుట్లుగా వెలుపలికి పఱపుడు. అంచుల చుట్టును చెంచాడు నూనె వేయుడు. పైతడి ఆఱి, అంచులు తామే లేచి, అడుగు ఎఱ్ఱబాఱినప్పుడు అట్లకాడతో తీయుడు. పలుచని అట్టును తిరుగవేయ నక్కఱలేదు. మొదటి అట్టు చిరిగినను చింతింపవలదు. అది తఱచు పెనమునకే నైవేద్యము.

పెద్ద నగరములలో క్రేప్ మిశ్రమమను పేర మఱియొక పొట్లము కనబడును. క్రేప్ ఫ్రాన్సు దేశపు అట్టు. ఆ దేశమున పడమటనున్న బ్రెటన్ సీమ దీనికి ప్రసిద్ధి. ఫిబ్రవరి 2వ తేదిని ఇంటింట దీనిని చేసికొనుట అచ్చటి వాడుక. ఒక పండుగకు అట్లు ముడివడి యుండుట మనకు వింతగా తోపదు. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాము పిల్లలకు ఈ పేరు ఆసక్తి గొలుపవచ్చును. మైదా, పాలు, గ్రుడ్లు, వెన్న దీని సామగ్రి; సోడా ఉండదు, పొంగదు. ఇచ్చట నియమము తలక్రిందు. కలిపిన పిండిని అరగంటయైనను ఉంచిననే మేలు. గోధుమపిండిని నీటితో కలిపి త్రిప్పగా గ్లూటెనను సాగెడు బంక ఏర్పడును. కొంతసేపు ఉంచిన అది సడలి, అట్టు మెత్తగా వచ్చును. శాకాహారులు గ్రుడ్డుపొడి కలిసినదో లేదో పొట్లముపై చూచుకొనవలెను.

పొట్లము దొరకనిచోట, లేదా ధర అధికమనిపించినచోట, మిశ్రమమును ఇంటనే చేసి యుంచుకొనవచ్చును. రెండు గ్లాసుల బొంబాయి రవ్వను దోరగా వేయించి చల్లార్చి, రెండు గ్లాసుల పొడి బియ్యపుపిండి, ఒక గ్లాసు మైదా, తగినంత ఉప్పు, జీలకఱ్ఱ, దంచిన మిరియములు కలుపుడు. ఇందులో సోడా వలదు. కావలసినప్పుడు గ్లాసు మిశ్రమమునకు రెండు గ్లాసులకు పైగా నీరు పోసి, అందు కొంత పుల్లని మజ్జిగ చేర్చి, ఇరువది నిమిషములు నానబెట్టుడు. ఈ పిండి మజ్జిగవలె పలుచగా నుండవలెను. దీనిని గరిటెతో తిప్పరాదు. పెనముపై కొంత ఎత్తునుండి అంచులనుండి నడుమకు చిలుకరించినట్లు పోయవలెను. రవ్వ అడుగున దిగును గనుక ప్రతి అట్టుకును ముందు కలియబెట్టవలెను. ఈ మిశ్రమమున కిలోకు ఎంత ఖర్చయినదో లెక్కవేసి, అంగడి పొట్లపు ధరను దాని బరువుచే భాగించి సరిపోల్చుడు. తడిలేని డబ్బాలో పోసి గట్టిగా మూతపెట్టి, లోపల నున్నదేమో, ఏ నాడు చేసినదో, ఎంత నీరు పోయవలెనో కాగితముపై తెలుగున వ్రాసి డబ్బాకు అంటింపుడు.