పక్షవాతం తర్వాత బిగుసుకున్న కాలికి ఇంట్లోనే టెన్స్

పక్షవాతం వచ్చిన కొన్ని వారాలకో నెలలకో చాలామందికి ఆ పక్క కాలు బిగుసుకుంటుంది. పిక్క రాయిలా గట్టిపడుతుంది, మడమ నేలకు ఆనదు, అడుగు వేయబోతే వేళ్లు నేలకు రాసుకుంటాయి. చర్మానికి అతికించే ప్యాడ్ల ద్వారా నరాలకు సన్నటి కరెంటు పంపే, అరచేతిలో ఇమిడే టెన్స్ మెషీన్ ఈ బిగుతును కొంతసేపు సడలించగలదు. ఆ కొంతసేపట్లో చేయించే వ్యాయామమే అసలు వైద్యం. మెషీన్ పెట్టి టీవీ చూస్తూ కూర్చుంటే డబ్బు దండగే.

కొనే ముందే డాక్టరును అడగండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వాడకూడదు. కాలి సిరలో రక్తం గడ్డ ఉందన్న అనుమానమున్నా, ప్యాడ్ అతికించే చోట పుండున్నా వద్దు. ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టరు సరేనంటేనే వాడాలి.

తర్వాత స్పర్శ చూడాలి. కళ్లు మూసుకోమని, కాలికి చల్లటి చెంచా, గోరువెచ్చటి చెంచా మార్చి మార్చి ఆనించండి. తేడా చెప్పలేకపోతే కరెంటు ఎక్కువైనా ఆ మనిషికి తెలియదు, చర్మం కాలే ప్రమాదముంది. అలాంటప్పుడు ఫిజియోథెరపిస్టు దగ్గరుంటేనే పెట్టాలి.

మొదటిసారి ఎలాగూ వాళ్ల చేతే పెట్టించుకోండి. మోకాలి బయటివైపు, కాస్త కింద చేతికి తగిలే ఎముక బుడిపె దగ్గర పైకి వచ్చే నరం మీద ప్యాడ్ పెట్టడం ఒక పద్ధతి. సరైన చోటు మనిషిని బట్టి అంగుళం అటూ ఇటూ మారుతుంది కాబట్టి పెన్నుతో గుర్తు పెట్టించి, ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఇక రోజూ చేసే పని. కాలిని సబ్బుతో కడిగి పొడిగా తుడవండి. మన ఇళ్లలో కాలికి నూనె మర్దనా అలవాటే, దాన్ని రాత్రికి పెట్టుకోండి. జిడ్డు మీద ప్యాడ్ అతుక్కోదు. మెషీన్ ఆపి ఉన్నప్పుడే ప్యాడ్లు అతికించండి. సాధారణంగా చెప్పే సెట్టింగు 100 హెర్ట్జ్, 200 మైక్రోసెకన్లు. కరెంటును సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, చీమలు పాకుతున్నట్టు స్పష్టంగా తెలిసినచోట ఆపండి. నొప్పి పుట్టినా, కండరం ఎగిరినా ఎక్కువైందన్నమాట. గంటసేపు ఉంచి, ముందు మెషీన్ ఆపి తర్వాత ప్యాడ్లు తీయండి. చర్మం కాస్త ఎర్రబడటం మామూలే. మర్నాటికీ తగ్గకపోతే మానేసి చూపించండి.

ప్యాడ్లు తీసిన వెంటనే కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టడం, గోడ పట్టుకుని మడమ నేలకు ఆనించి పిక్క సాగదీయడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం చేయించండి. పడిపోకుండా ఒకరు పక్కనే ఉండాలి. హాంకాంగ్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఇళ్లలోనే వారానికి 5 రోజుల చొప్పున 4 వారాలు ఇలా చేయించారు: గంట టెన్స్, గంట వ్యాయామం. రెండూ కలిపి చేసినవాళ్ల నడక మెరుగైంది.

ఒకరోజు హఠాత్తుగా బిగుతు పెరిగితే కరెంటు పెంచకండి. మలబద్ధకం, మూత్రంలో మంట, లోపలికి పెరిగిన కాలిగోరు, బిగుతైన చెప్పు, వీపు కింద పుండు వీటిలో ఏదుందో చూడండి. పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మెషీన్ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.