నీరు పల్లమెరుగు: బుడమేరు నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని వార్డెన్ గారు కబురు చేశారు. కథలు, కవితలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని కనుక ఒక లెక్కే రాస్తాను. అది వాన లెక్క, ఏటి లెక్క.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఉన్న మా చెల్లెలి ఇంట్లోకి బుడమేరు నీళ్లు వచ్చాయి. మనుషులు మేడ మీదికెక్కి బతికారు. కింద బీరువాలో ఉన్న మేనల్లుడి పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, పుస్తకాలు ముద్దయిపోయాయి. నీళ్లు తీశాక వాటిని తాడు మీద ఆరేస్తూ వాడు నన్ను ఒకటే అడిగాడు: "మామయ్యా, వాన ఏటా పడుతుంది కదా. ఏరు ఇంత ఎత్తుకు ఎందుకొచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

వానను లీటర్లలో చూడడం

"5 సెంటీమీటర్ల వాన పడింది" అని పేపర్లో చదువుతాం. 5 సెంటీమీటర్లంటే మన బొటనవేలంత. అంతేనా అనిపిస్తుంది. కానీ వానను ఎత్తుతో మాత్రమే కాదు, అది పడిన విస్తీర్ణంతో కూడా లెక్కించాలి.

మన హాస్టలు డాబా 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు అనుకుందాం. విస్తీర్ణం 300 చదరపు మీటర్లు. దాని మీద 5 సెం.మీ. వాన పడితే 15 ఘనపు మీటర్లు, అంటే 15,000 లీటర్లు. స్నానాల గదిలో మీరు వాడే బకెట్ 15 లీటర్లదైతే సరిగ్గా వెయ్యి బకెట్లు! పొద్దున్నే పంపు దగ్గర బకెట్లు వరసలో పెట్టి కొట్టుకునే మనకు ఆ వెయ్యి బకెట్ల విలువ వేరే చెప్పాలా?

ఒక్క డాబాకే అంత అయితే, కొండల నుంచి ఊళ్ల వరకు వందల చదరపు కిలోమీటర్ల నేల మీద పడిన వాన సంగతి ఆలోచించండి. ఏ నేల మీద పడిన నీరు చివరికి ఒక ఏటిలోకి చేరుతుందో ఆ నేలంతటినీ ఆ ఏటి పరీవాహక ప్రాంతం అంటారు. ఏరంటే గట్ల మధ్య పారే నీరు మాత్రమే కాదు. ఆ నేలంతా కలిస్తేనే ఏరు.

పడిన నీరంతా ఏటికి రాదు

వాన చినుకుకు మూడు దారులు. కొంత నేలలోకి ఇంకుతుంది. కొంత ఆకుల మీద, గుంటల్లో, పొలాల్లో ఆగి తరువాత ఆవిరవుతుంది. మిగిలింది నేల మీద పారి ఏటికి చేరుతుంది. ఈ మూడో వాటా ఎంత అనేది నేలను మనం ఎలా వాడుకుంటున్నామన్న దానిమీద ఆధారపడుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయండి. వంటశాల నుంచి రెండు పాత పళ్లేలు అడిగి తెచ్చుకోండి. ఒకదానిలో గడ్డితో సహా తవ్విన మట్టిపెళ్ల పెట్టండి. రెండోదానిలో అదే మట్టి వేసి పైన ప్లాస్టిక్ కవరు పరచండి. రెండింటినీ ఒకే వాలులో పెట్టి చెరొక మగ్గు నీళ్లు నెమ్మదిగా పోయండి. కవరున్న పళ్లెం నుంచి నీరు వెంటనే, దాదాపు అంతా కిందికొస్తుంది. గడ్డి పళ్లెం నుంచి ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. ఇప్పుడు ఆ గడ్డి పళ్లెంలోనే రెండో మగ్గు, మూడో మగ్గు పోయండి. మట్టి తడిసి నిండేకొద్దీ అదీ నీటిని వదిలేస్తుంది. ఈ చివరి విషయం గుర్తుంచుకోండి, ముందు దానితో పని ఉంది.

వరి పొలం సంగతి కూడా చూద్దాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గట్టు 10 సెం.మీ. నీటిని ఆపగలిగితే ఒక్క ఎకరంలో 400 ఘనపు మీటర్లకు పైగా, అంటే 4 లక్షల లీటర్ల నీరు నిలుస్తుంది. ఆ పొలాన్ని మెరక చేసి, ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోస్తే ఆ 4 లక్షల లీటర్లకు చోటు పోతుంది. పోయిన నీరు మాయం కాదు, ఏటి మీద పడుతుంది.

ఒక లెక్క చేద్దాం

ఇంజనీర్లు చిన్న వాగులకు వాడే సూత్రం ఇది:

ప్రవాహం = గుణకం × వాన తీవ్రత × పరీవాహక విస్తీర్ణం

గుణకమంటే పడిన వానలో ఎంత భాగం పారుతుందో చెప్పే సంఖ్య. చెట్టూ చేమా ఉన్న, నీరింకే నేలకు సుమారు 0.2 అనుకోవచ్చు. ఇళ్లు, రోడ్లు దట్టంగా ఉన్న చోట 0.7, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది.

10 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న ఒక వాగును ఊహించుకోండి. గంటకు 30 మి.మీ. చొప్పున వాన పడుతోంది. గంటలో పడే నీరు 3 లక్షల ఘనపు మీటర్లు. సెకనుకు సుమారు 83 ఘనపు మీటర్లు.

పాత రోజుల్లో, గుణకం 0.2 ఉన్నప్పుడు, వాగులో పారేది సెకనుకు 16.7 ఘనపు మీటర్లు. అంటే సుమారు 590 క్యూసెక్కులు. (సెకనుకు ఒక ఘనపు అడుగు పారితే ఒక క్యూసెక్కు, అది 28.3 లీటర్లు.)

ఇళ్లు వచ్చాక, గుణకం 0.7 అయినప్పుడు, పారేది సెకనుకు 58.3 ఘనపు మీటర్లు. అంటే సుమారు 2,060 క్యూసెక్కులు.

వాన ఒక్క చినుకు కూడా పెరగలేదు. ప్రవాహం మాత్రం మూడున్నర రెట్లయింది.

ఇప్పుడు నీటిమట్టం చూద్దాం. వాగు వెడల్పు 20 మీటర్లు, నీటి వేగం సెకనుకు 1.5 మీటర్లు అనుకుంటే, మొదటి సందర్భంలో లోతు 56 సెం.మీ., మోకాలికి కాస్త పైకి. రెండో సందర్భంలో 1.94 మీటర్లు, మనిషి మునిగే లోతు. ఇంతటితో ఆగక రెండు పక్కలా ఆక్రమించి వాగును 10 మీటర్లకు కుదిస్తే? లోతు 3.9 మీటర్లు, దాదాపు 13 అడుగులు! నిజానికి లోతు పెరిగితే వేగమూ మారుతుంది కనుక అంకెలు సరిగ్గా ఇలాగే ఉండవు. కానీ లెక్క చెప్పే సంగతి నిజం: నీటిమట్టాన్ని వాన ఒక్కటే పెంచదు. నేల తీరు, ఏటి వెడల్పు కూడా పెంచుతాయి.

ఇంకో మార్పు కూడా ఉంది. సిమెంటు మీద నీరు తొందరగా పరుగెత్తుతుంది. ముందు ఒక పూటలో నెమ్మదిగా వచ్చే వరద ఇప్పుడు గంట, రెండు గంటల్లో ఒక్కసారి మీద పడుతుంది. సామాను సర్దుకునే వ్యవధి కూడా దొరకదు.

అదే నేల వేసవిలో ఏరును ఎండబెడుతుంది. ఎందుకంటే ఎండాకాలంలో ఏటిలో పారేది వానాకాలంలో నేలలోకి ఇంకి మెల్లగా ఊరే నీరే. ఇంకడం తగ్గితే ఊట తగ్గుతుంది. వానాకాలం వరద, వేసవిలో ఇసుక: ఈ రెండూ ఒకే జబ్బు లక్షణాలు.

ఇక బుడమేరు కథ

బుడమేరు ఎన్టీఆర్ జిల్లా మైలవరం ప్రాంతపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచున పారి, ఎనికేపాడు దగ్గర కృష్ణా కాలువల కిందినుంచి తూము ద్వారా దాటి కొల్లేరులో కలుస్తుంది. కొండల్లో వాన పడితే హఠాత్తుగా పొంగే స్వభావం దీనిది. అందుకే దీన్ని విజయవాడ దుఃఖదాయిని అన్నారు. నగరాన్ని కాపాడడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, వరద నీటిని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కలిపారు. అయినా 2005లో వరద వచ్చింది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ ప్రాంతంలో వాన విరుచుకుపడింది. 24 గంటల్లో 20.4 సెం.మీ. దాటితే వాతావరణ శాఖ దాన్ని "అత్యంత భారీ వర్షం" అంటుంది. ఆ హద్దు దాటింది. ఇక్కడ మన గడ్డి పళ్లెంలో పోసిన మూడో మగ్గును గుర్తుచేసుకోండి. ఇంత వాన పడితే అడవి నేల కూడా నిండిపోయి నీటిని వదిలేస్తుంది. కాబట్టి తప్పంతా సిమెంటుదే అనడం న్యాయం కాదు. మామూలు వానలకు నేల ఇంకుడు కాపాడుతుంది. అసాధారణ వానకు ఏటి వెడల్పు, వరద పరుచుకునే ఖాళీ పల్లం కాపాడాలి. బుడమేరుకు ఆ రెండూ కరువయ్యాయి. అది పూర్వం పరుచుకునే పల్లంలోనే నగరం పెరిగింది.

అదే సమయంలో కృష్ణా నది కూడా పొంగింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. అంతకు ముందెన్నడూ లేనంత. పెద్ద నది నిండుగా ఉంటే చిన్న ఏరు దానిలోకి దిగలేదు, వెనక్కి ఎగదన్నుతుంది. బస్సు నిండా జనం ఉంటే కొత్తవాళ్లు ఫుట్‌బోర్డు దగ్గరే ఆగిపోయినట్టు. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నీరు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల మీదికి వచ్చింది. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే గానీ గండ్లు పూడలేదు.

దిగువన కొల్లేరు సంగతీ మరువరాదు. బుడమేరు, తమ్మిలేరు వంటివి తెచ్చే నీటిని పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సహజమైన గిన్నె అది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. చేపల చెరువుల గట్లు ఆ గిన్నెను ముక్కలు చేస్తే పైనున్న ఏళ్ల నీరు దిగడం ఆలస్యమవుతుంది. అందుకే 2006లో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించింది.

మునిగేది ఎవరు?

తమ్ముళ్లూ, ఇది సైన్సు పాఠమే అయినా ఇక్కడ ఒక సామాజిక పాఠం ఉంది. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నారు పెద్దలు. నీటితో పాటు పల్లమెరిగినవాడు ఇంకొకడున్నాడు, పేదవాడు. పల్లపు నేల చౌక కనుక అతని చేతికి అందేది అదే. వాంబే అన్న పేరు 2001లో పట్టణ పేదల ఇళ్ల కోసం మొదలైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన నుంచి వచ్చింది. "ఏట్లో ఇల్లు కట్టుకుంటే మునగరా?" అని అడగడం తేలిక. మెరక మీద స్థలం కొనే స్తోమత ఉంటే మా చెల్లెలు అక్కడ కొనేదే. ప్లాటు అమ్మినవాడు మునగలేదు, వాయిదాల మీద కొన్నవాడు మునిగాడు. కాబట్టి నేల వాడకం అంటే కేవలం ఆఫీసుల్లో గీసే మ్యాపు కాదు. ఎవరి ఇంట్లోకి నీళ్లు రావాలో నిర్ణయించే గీత అది.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారిని రాజ్యాంగ నిర్మాతగా మనకందరికీ తెలుసు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన నదుల ప్రణాళికల మీద కూడా పనిచేశారు. 1943లో దామోదర్ నది వరద తరువాత ఆ లోయనంతా ఒకటిగా చూసే పథకానికి ఆయన శాఖ పూనుకుంది. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. గట్టు ఒక్కటే ఎత్తు చేస్తే చాలదు, కొండ నుంచి సముద్రం దాకా కలిపి చూడాలన్న ఆ ఆలోచన నేటి బుడమేరుకూ వర్తిస్తుంది.

మనం చేయగలిగింది

1. ఖాళీ నీళ్ల సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా బిగించండి. అడుగున సమంగా ఉండేలా కొంత నీరు నింపి అక్కడ సున్నా గీత గీసి, పైకి స్కేలుతో మి.మీ. గుర్తులు పెట్టండి. ఆరుబయట ఉంచితే అదే వానమాపకం.

2. దగ్గరి వాగు కల్వర్టు స్తంభం మీద పెద్దల సాయంతో, నీరు లేనప్పుడు, 10 సెం.మీ.కి ఒక గీత రంగుతో వేయించండి. వరద సమయంలో దూరం నుంచే చూడాలి, దిగకూడదు.

3. నోటుబుక్కులో తేదీ, వాన, నీటిమట్టం అని మూడు గడులు గీసి రోజూ రాయండి. సీనియర్లు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం జూనియర్లకు అప్పగించండి. పదేళ్లు గడిస్తే అదే వానకు ఏరు ఎంత ఎత్తు పెరిగిందో మన హాస్టలు లెక్కతో చూపగలదు.

4. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఊళ్లోని ముసలివాళ్లను అడగండి: "తాతా, మీ చిన్నప్పుడు వాగు ఎంత వెడల్పు ఉండేది?" జవాబు రాసుకోండి.

మా మేనల్లుడికి తరువాత నకలు సర్టిఫికెట్లు వచ్చాయి. ఇప్పుడు వాటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి అటక మీద దాచాడు. అది జాగ్రత్త మాత్రమే. వాడి ప్రశ్నకు జవాబు మాత్రం కాగితాలు దాచుకోవడంలో లేదు. ఏటికి దాని చోటు దానికి వదలడంలో ఉంది. రేపు మీలో ఒకరు ఇంజనీరు కావచ్చు, ఒకరు తహసీల్దారు, ఒకరు సర్పంచి కావచ్చు. లేఅవుట్ కాగితం మీ ముందుకు వచ్చిన రోజు, సంతకం పెట్టే ముందు, ఈ వాన లెక్క ఒకసారి వేయండి.

అభ్యాసం

1. మీ తరగతి గది పైకప్పు కొలిచి, 8 సెం.మీ. వానకు ఎన్ని లీటర్లు వస్తాయో కట్టండి.

2. పై వాగు లెక్కలో గుణకం 0.4 అయితే ప్రవాహం ఎన్ని క్యూసెక్కులు?

3. వాన పెరగకుండానే ఏటి నీటిమట్టం పెరగడానికి మూడు కారణాలు సొంత మాటల్లో రాయండి.