తండ్రి స్వాస్థ్యమును అడిగిన యౌవనులు

యౌవనుల పాఠము. చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 27:1-11, యెహోషువ 17:3, 4.



సెలోపెహాదు కుమార్తెల సంగతి మన సంఘములలో తరచుగా బోధింపబడదు. అది జనసంఖ్యల నడుమ వచ్చును గనుక చదువువారు అనేకులు పేర్లు చూచి దాటిపోవుదురు. ఈ నెల అక్కడ కొంచెము సేపు నిలువవలెనని మిమ్మును కోరుచున్నాము.

మనష్షే గోత్రపువాడైన సెలోపెహాదు అరణ్యములో చనిపోయెను. అతనికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలు మాత్రము ఉండిరి. వారి వయస్సు వ్రాయబడలేదు గాని, 36వ అధ్యాయమును బట్టి అప్పటికి వారికి పెండ్లి కాలేదని తెలియుచున్నది. దేశమును పంచి ఇచ్చు దినము సమీపించినది. కుమారులు లేని యింటికి పాలు లేదు. అప్పుడు ఆ అయిదుగురును గుడారపు ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను యాజకుని యెదుటను ప్రధానుల యెదుటను సర్వసమాజము యెదుటను నిలిచి, తమ తండ్రి పేరు వంశములోనుండి ఎందుకు మాసిపోవలెనని అడిగిరి.

వారు అడిగిన రీతిని గమనింపుడి. ఏడ్చి జాలి సంపాదింపజూడలేదు, ఎవరిమీదను సణుగుకొనలేదు. ధర్మశాస్త్రమునకు సంబంధించిన ఒక ప్రశ్నను స్పష్టముగా అడిగిరి. మోషే చేసినదియు గమనింపుడి. ఆడపిల్లలకు ఈ మాటలు ఎందుకని ఆయన వారిని కూర్చుండబెట్టలేదు. తనకు తోచిన జవాబు చెప్పి పంపివేయనూ లేదు. ఆ ప్రశ్నను తీర్పు చెప్పగల దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. అడిగినది చిన్నవారు, మోసినది పెద్దవాడు.

మన కాలములో ఇట్టిది ఒకటి జరిగినది. అది పసిఫిక్ మహాసముద్రములోని వనువాటు అను ద్వీపదేశములో మొదలాయెను. ఈ పేరు క్రొత్తదిగా తోచినను, న్యూ హెబ్రిడీస్ అనినయెడల మన పెద్దలు గుర్తుపట్టుదురు. 1980లో స్వాతంత్ర్యము వచ్చువరకు ఆ దేశమునకు అదే పేరు. జాన్ పేటన్ దొరగారు అనీవా ద్వీపములో బావి త్రవ్వించిన కథను సండేస్కూలులో విననివారు మనలో తక్కువ. సుమారు 80 ద్వీపములు, మూడు లక్షల చిల్లర జనము. అంతే ఆ దేశము.

బొగ్గు, పెట్రోలు, సహజవాయువు కాల్చుటవలన బొగ్గుపులుసు వాయువు ఆకాశములో చేరి భూమి వేడెక్కుచున్నదని మీరు వినియున్నారు. వేడెక్కిన సముద్రము ఉబ్బును. మంచుకొండలు కరగిన నీరు దానిలో కలియును. తుపానులు మరింత బలము పుంజుకొనును. పల్లపు ద్వీపములలో సముద్రము పైకి వచ్చినకొలది బావినీరు ఉప్పనగును. వనువాటువారు కాల్చిన బొగ్గు, పెట్రోలు లోకపు లెక్కలో ఒక చిటికెడైనను కాదు. అయినను 2015 మార్చిలో గంటకు 250 కిలోమీటర్ల వేగముగల గాలితో ‘పామ్’ అను తుపాను వారి ఇండ్లను తోటలను నేలమట్టము చేసెను. 2020 ఏప్రిలులో ‘హెరాల్డ్’ వచ్చెను. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన చూచినవారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు.

వనువాటు ముఖ్యపట్టణమైన పోర్ట్ విలాలో, దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమునకు న్యాయశాస్త్రము బోధించు ఒక శాఖ కలదు. ఆ విశ్వవిద్యాలయము ఏ ఒక్క దేశమునకును చెందినది కాదు. 12 ద్వీపదేశములు కలిసి నడుపుచున్నవి. (దాని ప్రధాన స్థానము ఫిజీలో ఉన్నది. 1903 మొదలుకొని చెన్నపట్టణపు రేవునుండి కూలి ఒప్పందముమీద ఫిజీకి ఓడలెక్కినవారిలో తెలుగువారును ఉండిరి గనుక, ఆ సముద్రము మనకు బొత్తిగా పరాయిది కాదు.) 2019లో ఆ న్యాయశాస్త్ర తరగతిలోని 27 మంది విద్యార్థులు, తమ ద్వీపముల కష్టమునకు న్యాయశాస్త్రములో ఏ దారి ఉన్నదని వెదకిరి. లోకములోని అత్యున్నత న్యాయస్థానమును ఒక ప్రశ్న అడుగవలెనని నిర్ణయించుకొనిరి.

ఇది పిల్లల ఆట అని తోచవచ్చును. ఇంతకు ముందే 2011లో పలావు అను ద్వీపదేశము ఇదే యత్నము చేయగా అది నెరవేరలేదు. దేశమంతటికిని కానిది ఒక తరగతి గదికి అగునా అని ఎవరైనను అనవచ్చును. అంతేగాక, హేగ్ నగరములోని అంతర్జాతీయ న్యాయస్థానము తలుపును విద్యార్థులు తట్టజాలరు. అట్టి అభిప్రాయమును అడుగు అధికారము ఐక్యరాజ్య సమితి సభలకును, దానికి చెందిన కొన్ని సంస్థలకును మాత్రమే ఉన్నది. సమితిని కదిలించుటకు ఒక ప్రభుత్వము కావలెను. ఆ ప్రభుత్వమునకు ఇతర దేశముల మద్దతు కావలెను. ఒక గుమ్మము దాటినయెడల మరియొక గుమ్మము.

వారు సంఘముగా ఏర్పడి ద్వీపముల ప్రభుత్వములకు ఉత్తరములు వ్రాసిరి. వనువాటు ప్రభుత్వము ఆ ప్రశ్నను తన భుజముమీద వేసికొని, 2021లో దానిని లోకమునకు ప్రకటించెను. ఇతర ఖండముల యౌవనులును వీరితో చేరిరి. 2023 మార్చి మొదటి వారములో ‘జూడీ’, ‘కెవిన్’ అను రెండు తుపానులు రెండు మూడు దినముల ఎడముతో ఆ దేశముమీద పడెను. ఇండ్ల కప్పులు తిరిగి వేయకముందే, ఆ నెల 29వ తేదీన ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ, ఓటు వేయనక్కర లేకయే, ఏకాభిప్రాయముతో వారి తీర్మానమును అంగీకరించెను. 132 దేశములు దానిని కలిసి ప్రతిపాదించినవి.

ప్రశ్నలు రెండు. భూమి వాతావరణమును కాపాడుటకు దేశములు ఏ బాధ్యత కలిగియున్నవి? ఆ బాధ్యత తప్పి ఇతరులకు హాని చేసిన దేశముమీద ధర్మశాస్త్రము ఏమి మోపును?

2024 డిసెంబరులో విచారణ జరిగెను. 96 దేశములు ఆ న్యాయస్థానములో మాటలాడినవి. మన భారతదేశమును, ఎక్కువ పొగ పోసినవారే ఎక్కువ భారము మోయవలెనని వాదించెను. మొదటి దినముననే సొలొమోను ద్వీపములకు చెందిన సింథియా హౌనియుహీ, ఆ విద్యార్థి సంఘపు అధ్యక్షురాలిగా, న్యాయాధిపతుల యెదుట నిలిచి మాటలాడెను. మంత్రులును న్యాయవాదులును ఉన్న చోట ఆ యువతికి స్థలము ఇచ్చిరి. పెద్దలు ప్రశ్నను తీసికొని అడిగినవారిని బయట నిలువబెట్టుట లోకములో వాడుకయే గనుక, దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

2025 జూలై 23న న్యాయాధిపతులందరును ఏకాభిప్రాయముతో జవాబు చెప్పిరి. వాతావరణమును కాపాడుట దేశముల యిష్టానికి విడువబడినది కాదు, ధర్మశాస్త్రము విధించిన బాధ్యత. అది తప్పినయెడల ఆ పనిని మానవలెను, తగిన సందర్భములలో నష్టమును పూరింపవలెను అనిరి. మరియొక మాట ద్వీపవాసులకు మిక్కిలి ప్రియమైనది. సముద్రము ఎక్కి తీరము వెనుకకు పోయినను, ముందు గీసికొన్న సముద్రపు హద్దులను తిరిగి గీయనక్కరలేదనియు, భూమి మునిగినంత మాత్రమున ఆ దేశము దేశము కాకుండ పోవలసినది లేదనియు చెప్పిరి. తండ్రి పేరు ఎందుకు మాసిపోవలెనని మహలాయు ఆమె చెల్లెండ్రును అడిగినది జ్ఞాపకము చేసికొనుడి.

అయితే ఈ జవాబు అభిప్రాయమే. దానిని బలవంతముగా అమలు జరుపు బంట్రోతు ఎవడును లేడు. ఇప్పుడు రెండవ భాగమును తెరువుడి. యెహోషువ 17వ అధ్యాయములో దేశము పంచునప్పుడు ఆ అయిదుగురును మరల వచ్చి, మోషేకు ఇయ్యబడిన ఆజ్ఞను ఎలియాజరునకును యెహోషువకును జ్ఞాపకము చేసిరి. అప్పుడే వారికి పాలు దొరికెను. తీర్పు వచ్చి ఎన్నో యేండ్లు గడచినవి. మోషే కూడ చనిపోయెను. వారు అడుగకయుండిన ఏమగునో మనకు తెలియదు. అడిగిరి అని మాత్రము వ్రాయబడినది.

మన సంఘముల సంగతి చూతము. యౌవనులకు మనము ఏ పని ఇచ్చుచున్నాము? క్రిస్మసునకు రంగుకాగితములు కట్టుట, పందిరి గుంజలు మోయుట, ప్రేమవిందులో వడ్డించుట. జూన్ నెలలో ఒక మొక్క నాటించి ఫోటో తీయించుచున్నాము. ఇవి చెడ్డవి కావు. కాని వీటిలో దేనికిని వారు నాయకులు కారు, మన పనివారు.

మేమును ఈ తప్పు చేసితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘ సమావేశములో ఒక చిన్నవాడు లేచి, మందిరపు ఆవరణలోని చింతచెట్లు కొట్టి రేకుల షెడ్డు వేసినయెడల ఎండకాలపు కూటములు ఎక్కడ జరుపుదురని అడిగెను. ఇది లెక్కలు చదువు సమయమని చెప్పి అతనిని కూర్చుండబెట్టితిమి. చెట్లు పోయినవి. మే నెలలో ఆ రేకుల క్రింద ఇప్పుడు ఎవరును కూర్చుండలేరు. ఆ చిన్నవాడు మరి యే సమావేశములోను నోరు తెరువలేదు. చెట్లకంటె అదియే పెద్ద నష్టమని మాకు ఇప్పుడు తెలియుచున్నది.

ఒక యూరి యౌవనులు ఒంటరిగా చేయగలిగినది కొంచెమే. చెరువు కాలువ నాలుగైదు గ్రామముల గుండ పోవును. ఒక యూరివారు పూడిక తీసినను పై యూరివారు గట్టు ఆక్రమించినయెడల నీరు రాదు. ఆ తరగతి గదిలో అనేక ద్వీపముల పిల్లలు ఒక బల్లయొద్ద కూర్చుండిరి గనుకనే పని జరిగినది. మనకును ఒక కాలువ క్రిందనో, ఒక సముద్రతీరముననో ఉన్న సంఘముల యౌవనులు కలిసికొనవలెను. ఇతర మతస్థుల పిల్లలను కూడ పిలువుడి. తుపాను ఇంటి గుమ్మముమీద సిలువ ఉన్నదో తోరణమున్నదో చూచి రాదు.

వచ్చు కూటములో పెద్దలు ముందుగా మాటలాడవద్దు. సంఖ్యాకాండము 27వ అధ్యాయమును ఒక చిన్నది లేచి చదువవలెను. తరువాత తమ యూరి నీటినిగూర్చియో, చెట్లనుగూర్చియో, తీరమునుగూర్చియో యౌవనులు ఒక్క ప్రశ్న వ్రాయవలెను. పది వద్దు, ఒక్కటి చాలును. దానికి జవాబు చెప్పు అధికారము గ్రామసభకున్నదో, నీటిపారుదల ఇంజనీరుకున్నదో, సోమవారము అర్జీలు తీసికొను కలెక్టరుగారికున్నదో వారే విచారించి తెలిసికొనవలెను. వారితోకూడ ఆ గుమ్మమునొద్దకు పోవు ఇద్దరు పెద్దల పేర్లను ఆ దినముననే సంఘపు మినిట్సు పుస్తకములో వ్రాయుడి. అక్కడ మాటలాడవలసినది ఆ పెద్దలు కాదని కూడ వ్రాయుడి.