కృత్రిమ మేధకు యంత్రబలము నిచ్చు కంపెనీలు: వాటాలను పోల్చు విధము

విద్యార్థులారా! కృత్రిమ మేధ పనిచేయుటకు వేలకొలది గణన యంత్రములును, వానిని నిలుపు డేటా సెంటర్లును, విస్తారమగు విద్యుచ్ఛక్తియు కావలయును. హైదరాబాదు ప్రాంతమున అమెజాను కంపెనీ 2022 నవంబరులో అట్టి కేంద్రములను ప్రారంభించెను. ఇట్టి కంపెనీల వాటాలు కొనవచ్చునా యను ప్రశ్న నేడు బీబీపేట యిండ్లలో సయితము వినబడుచున్నది. పిల్లల చదువులకై దాచిన సొమ్ము పెట్టుటకు ముందు పోల్చుట నేర్వవలయును.

ఈ వ్యాపారమును ట్రాక్టరుతో పోల్చి తెలిసికొందము. ట్రాక్టరును తయారుచేయువాడొకడు, అప్పుచేసి కొని కిరాయికి దున్నువాడొకడు, తన విస్తారమగు పొలమునకై కొనువాడొకడు.

మొదటివాని వంటిది ఎన్విడియా. 2025 జనవరితో ముగిసిన సంవత్సరమున దాని రాబడి 13,050 కోట్ల డాలర్లు. లాభము 7,290 కోట్లు. అయినను రాబడిలో నూటికి 34 వంతులు ముగ్గురు కొనుగోలుదారుల నుండియే వచ్చెను.

రెండవవాని వంటిది కోర్‌వీవ్. 2024లో దాని రాబడి సుమారు 190 కోట్ల డాలర్లు. నష్టము 86 కోట్లు. అప్పు 800 కోట్ల ప్రాంతము. రాబడిలో నూటికి 62 వంతులు ఒక్క మైక్రోసాఫ్టు ఇచ్చినదే.

మూడవవాని వంటిది ఆ మైక్రోసాఫ్టే. 2025 జూనుతో ముగిసిన సంవత్సరమున 10,180 కోట్ల డాలర్ల లాభము గడించెను. దానికి ఇతర వ్యాపారములును గలవు. కావున ఒకటి తగ్గినను వేరొకటి నిలుపగలదు.

ఇందు గమనింపుడు: రెండవది మొదటిదాని వద్ద యంత్రములు కొనును; మూడవది రెండవదానికి కిరాయి చెల్లించును. కాబట్టి మూడింటియందును సొమ్ము పెట్టినంతమాత్రమున అపాయము పూర్తిగా పంచబడదు. ఒకే చెరువు క్రింది మూడు మళ్ళవలె, నీరు తగ్గినచో మూడును బాధపడును. అప్పుగలది ముందుగా ఎండును.

గిరాకీ యుండుట వేరు, వాటా లాభించుట వేరు. ఇంటర్నెట్టునకు పరికరములమ్మిన సిస్కో కంపెనీ వాటా 2000 మార్చిలో 80 డాలర్ల ప్రాంతమున నుండి, 2002లో 10 డాలర్లకు దిగువకు పడెను. ఇంటర్నెట్టు మాత్రము పెరుగుచునే యుండెను. అధిక ధరకు కొన్నవారే నష్టపడిరి.

కావున ఏ కంపెనీనైనను ఈ నాలుగు ప్రశ్నలడుగుడు: కొనువారెందరు? అప్పెంత? యంత్రము పాతబడులోపల దాని వెల తిరిగి వచ్చునా? లాభముతో పోల్చగా వాటా ధర యెంత? సమాధానములను కాగితముపై వ్రాసి, తలిదండ్రులకు చదివి వినిపింపుడు. సమాధానము దొరకనిచోట సొమ్ము పెట్టకుండుటయు వివేకమే.