అమ్మ గలీబుల మీద కత్తెర పెట్టనా?

సమస్య



నా వయసు అరవై ఒకటి. హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఊరు పాలకొల్లు. మా అమ్మ పోయి రెండేళ్లు దాటింది. మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది అమ్మ ఇనప్పెట్టె దింపించాను. మూత తీయగానే గుప్పుమని కలరా ఉండల వాసన. లోపల అమ్మ పెళ్లికి ముందూ, పెళ్లయిన కొత్తలోనూ కుట్టుకున్నవన్నీ ఉన్నాయి. లాంక్లాతు దిండు గలీబులు, వాటి మీద ఎదురెదురుగా రెండు చిలకలు, మధ్యలో నీలం దారంతో ‘గుడ్ నైట్’. మేటీ క్లాతు మీద ఇంటూ కుట్టుతో గులాబీలు వేసిన టేబుల్ క్లాతు. నరసాపురం నుంచి మా మేనత్త అల్లి తెచ్చిన లేసు ముక్కలు. నాన్నగారి పంచెలు. అమ్మ పోయాక మా చెల్లెలు తెచ్చి ఇచ్చిన వాయిల్ చీరల మూట కూడా అందులోనే పెట్టాను.

మళ్లీ వాటిని అటకెక్కించడానికి మనసొప్పలేదు. ముగ్గురు మనవలకీ మూడు బొంతలు కుడదామనుకున్నాను. హైదరాబాద్‌లో కూతురి కొడుక్కి పదేళ్లు. డాలస్‌లో అబ్బాయి దగ్గర నాలుగేళ్ల మనవరాలు ఉంది, కోడలికి ఇప్పుడు ఏడో నెల. అమ్మ చేతిపని ఆ పిల్లల ఒంటి మీద ఉండాలని నా ఆశ.

చెప్పగానే తలా ఒక మాట అన్నారు. తణుకులో ఉండే మా చెల్లెలు ‘అమ్మ చేతికుట్టు మీద కత్తెర పెడతావా అక్కా?’ అని ఫోన్ పెట్టేసింది. అమ్మ చివరి ఆరేళ్లూ దాని దగ్గరే ఉంది. దానికి చాదస్తం ఎక్కువ. కోడలేమో, ‘అత్తయ్యా, ఇక్కడ అన్నీ మెషీన్లోనే వెయ్యాలి. అంత పాత బట్ట చిరిగిపోతే మీరు బాధపడతారేమో’ అంది. వద్దని నేరుగా అనలేక అలా అందేమోనని నాకు గుచ్చుకుంది. పక్కింటావిడ పోయినవాళ్ల బట్టలు పసిబిడ్డకి కప్పకూడదంటోంది.

బట్టల సంగతి చూస్తే ఒక గలీబు మడత దగ్గర చీలి ఉంది. రెండింటి మీద తుప్పు మరకలు. టేబుల్ క్లాతు పసుపెక్కింది. కుట్టడం నాకు వచ్చు, అమ్మే నేర్పింది. చెల్లెలు నాకన్నా బాగా కుడుతుంది. నేను కుట్టాలా, మానాలా? కుడితే ఎలా కుట్టాలి?

— పేరు రాయవద్దు, పాలకొల్లు

సలహా

టీచరుగారూ,

కుట్టండి. కాకపోతే ఆ పెట్టె ముందు తణుకు వెళ్లాలి.

అమ్మ చివరి ఆరేళ్లూ చెల్లెలి దగ్గరే ఉందని ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. మీకు ఆ పెట్టె అంటే చిన్ననాటి చిలకల గలీబులు. ఆ మూటలోని వాయిల్ చీరలు మాత్రం ఆవిడ అమ్మకి స్నానం చేయించి కట్టబెట్టినవి, ఉతికి ఆరేసినవి, చివరికి మడతపెట్టి మీ చేతికి ఇచ్చినవి. పెట్టె మీ ఇంట్లో ఉంది కాబట్టి ఏం చెయ్యాలో మీరే నిర్ణయించుకున్నారు, ఆ తర్వాత ఆవిడకి కబురు చెప్పారు. దాన్ని చాదస్తం అనకండి. అమ్మ వస్తువుల్లో తనకీ ఒక మాట ఉందని ఆవిడ అంటోంది, అది న్యాయమే.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లజాతివారి ఊరు ఉంది. పాత బట్టల బొంతలకి ప్రసిద్ధి. 1942లో అక్కడి మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, పోయిన భర్త పొలం పనికి తొడుక్కున్న ప్యాంట్లూ చొక్కాలూ చింపి బొంత కుట్టుకుంది. ఆయన గుర్తుగా ఉంటుందని, కప్పుకుని పడుకోవచ్చని. కూతురు ఆర్లోన్‌జియా పక్కన కూర్చుని ఆ బట్టలు చింపడానికి సాయం చేసింది. తండ్రి ప్యాంటు కాళ్లు, చొక్కా అంచులు ఆ బొంతలో ఎలా చేరాయో తర్వాత ఆ కూతురే చెప్పింది. పోయిన మనిషి బట్ట చింపడం అపచారమని వాళ్లకి తోచకపోవడానికి కారణం, ఆ పని ఇద్దరూ కలిసి చేయడమేనని నేను నమ్ముతాను. మీ చెల్లెలు మీకన్నా బాగా కుడుతుందని మీరే రాశారు. ఒక బొంత పూర్తిగా ఆవిడకి వదిలెయ్యండి. ఏది ముట్టుకోకూడదో ముందు ఆవిడనే తీసి పక్కన పెట్టమనండి. ఆవిడ పక్కన పెట్టినదాన్ని బేరమాడకండి.

పక్కింటావిడ మాటకి బెంగపడనక్కర్లేదు. మన ఇళ్లల్లో పురిటి బిడ్డని చుట్టే పొత్తిగుడ్డలు ఎక్కడివి? అమ్మమ్మల, నాయనమ్మల పాత నూలు చీరలే కదా. కొత్త బట్ట గంజితో గరుకుగా ఉంటుంది, పసివాళ్ల ఒంటికి ఒరుసుకుంటుంది. బీహార్‌లో సుజని అనే బొంత కుట్టేదీ పాత చీరలూ పంచెలూ కలిపే, అదీ ముందుగా పుట్టిన బిడ్డ కోసమే. పోయినవాళ్ల బట్ట అన్న పట్టింపు కోడలికీ ఉందేమో ఒకసారి అడగండి. ఆవిడకి లేకపోతే మీరు తెచ్చిపెట్టుకోవద్దు.

ఇక కోడలి మాట. ఆ అమ్మాయి వద్దనలేదు. వాడుకోగలిగింది పంపమని అడిగింది. ఇంత సూటిగా చెప్పే కోడలు దొరకడం మీ అదృష్టం. వాడితే ఏమవుతుందోనని భయపడే బొంతని ఆవిడ అల్మారాలో పెడుతుంది, పెట్టె మీ అటక మీంచి వాళ్ల అటకకి మారుతుంది, అంతే. అందుకని కత్తెర తీసేముందు ఏ బొంత ఎవరికో, అది ఏ మంచం మీద పరుస్తారో, ఎవరు ఉతుకుతారో తేల్చుకోండి. బట్ట ఎంపిక దాన్నిబట్టే.

అన్నిటికన్నా ముందు పరీక్ష. ఒక్కో బట్టనీ కిటికీ ముందు పట్టుకుని వెలుతురు చూడండి. నేత పలచబడ్డ చోట వెలుగు మచ్చలుగా కనిపిస్తుంది. ఏళ్లతరబడి ఒకే మడత మీద ఉన్న బట్ట ఆ గీత వెంబడే ముందు చీలుతుంది, మీ గలీబుకి జరిగింది అదే. నిలువునా అడ్డంగా రెండు బొటనవేళ్లతో మెల్లిగా లాగండి. పిటపిటమన్న చప్పుడు వస్తే ఆ బట్టకి బొంత బరువు మోసే ఓపిక లేదు. దాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టండి.

తర్వాత ఉతుకు. కలరా ఉండల వాసన పోవాలంటే కొన్ని రోజులు నీడపట్టున గాలికి ఆరెయ్యండి. పాత గంజి పురుగుల్ని పిలుస్తుంది, అది పూర్తిగా వదలాలి. గోరువెచ్చని నీళ్లలో మెత్తని లిక్విడ్ సోపు కొద్దిగా కలిపి నానబెట్టి, నీళ్లు పసుపెక్కినప్పుడల్లా మార్చండి. పిండకండి, తువ్వాల్లో పెట్టి అదమండి. బ్లీచింగ్ జోలికి అసలు వెళ్లొద్దు, నూలు పోగు మరింత కుళ్లుతుంది. తుప్పు మరక ఉత్త తెల్లబట్ట మీద ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో కాసేపు ఉంచి బాగా జాడించవచ్చు. దారం పని పక్కనే ఉంటే ఆ ప్రయత్నం వద్దు. మరక మీద చీర ముక్కతో చిన్న ఆకు కుట్టేయండి, మరక కిందికి పోతుంది.

ఎరుపు, నీలం దారాలు రంగు వదులుతాయేమో ముందే చూసుకోవాలి. తడిపిన తెల్ల గుడ్డని కుట్టుమీద కాసేపు అదిమి తీయండి. రంగు అంటితే ఆ ముక్క ఉతికే బొంతలోకి రాకూడదు.

ఇప్పుడు మీ చెల్లెలికి ఊరటనిచ్చే సంగతి. గలీబు కొయ్యాల్సిన పనే లేదు. పక్క కుట్లు విప్పితే అది విచ్చుకుంటుంది, ఒక సగం మీద చిలకలు, ఇంకో సగం ఖాళీ. చిలకల సగాన్ని నిండుగా అలాగే ఉంచి బొంత మధ్యలో పరిచి, నాలుగు అంచులూ లోపలికి మడిచి చేత్తో కుట్టండి. కుట్టేముందు దాని కింద పలచని మల్ గుడ్డ వేసి, చిలకల చుట్టూ సన్నగా టాకాలు వేస్తే లాగుడంతా మల్ గుడ్డ మీద పడుతుంది, అమ్మ దారాల మీద పడదు. వెనకవైపు వేలాడే ముడుల్ని, దారపు కొసల్ని కత్తిరించకండి. కత్తిరిస్తే ఆకో, ముక్కో ఊడి వచ్చేస్తుంది. రేపెప్పుడైనా బొంత పాడైతే ఆ సగాన్ని విప్పి తీసుకోవచ్చు కూడా.

మనవరాలికీ, పుట్టబోయే బిడ్డకీ బొంత ఒళ్లంతా వాయిల్ చీరలే. నలభై అయిదు అంగుళాల వెడల్పు, మీటరున్నర పొడవు పెట్టుకుంటే పిల్లల మంచానికి సరిపోతుంది. చీర పన్నా దాదాపు అంతే కాబట్టి మధ్యలో అతుకు రాదు. ఐదున్నర మీటర్ల చీరలో అలాంటివి మూడు పొరలు వచ్చి, ఇంకో మీటరు అంచులకి మిగులుతుంది. నైలాను, పట్టు వాయిల్‌తో కలపకండి, ఉతికినప్పుడు ఒకటి ముడుచుకుని ఒకటి ముడుచుకోక బొంత బుడగలు తేలుతుంది. పొరలు నేలమీద పరిచి, ముడతలు చేత్తో తోసేసి, మధ్యలోంచి అంచులకి పెద్ద టాకాలు వేసుకుంటూ వెళ్లి, ఆ తర్వాతే అసలు కుట్టు మొదలుపెట్టండి. రెండంగుళాలకొక వరస చాలు. దానికి గట్టి నూలు దారం వాడండి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం బొమ్మలకే, రెండు మూడు పోగులు విడదీసుకుని.

డాలస్ వెళ్లే ఆ రెండు బొంతలకీ గట్టిగా ఉన్న చీరలే ఎంచండి. మిగతావాటిలా నానబెట్టాక, కుట్టేముందే మీ ఇంటి మెషీన్లో ఒకసారి వేసి తీయండి. తట్టుకున్నదే పనికొస్తుంది. వాటి మీద అమ్మ కుట్టిన పాత ముక్క ఒక్కటీ వద్దు. అమ్మ చిలకల్ని కార్బన్ కాగితంతో ఎత్తుకుని, కొత్త దారంతో మీరే కుట్టండి. ఆ డిజైను అమ్మదే, కుట్టు అమ్మ నేర్పినదే. చన్నీళ్లలోనే ఉతకాలి, డ్రయ్యర్ వద్దు అని కోడలికి చెబితే చాలు.

పుట్టబోయే బిడ్డ విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏడాదిలోపు పిల్లలు నిద్రపోయేచోట బొంతలు, దుప్పట్లు, దిండ్లు ఏవీ ఉండకూడదని అమెరికాలోని పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతుంది. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అది కప్పే బొంత కాకుండా, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు నేలమీద పరిచి బోర్లాపడే బిడ్డని ఆడించే బొంతగా కుట్టండి. లేసు దానికి వద్దు, ఆ కన్నాల్లో చిన్న వేళ్లు ఇరుక్కుంటాయి. నరసాపురం లేసు అల్లికకి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మీ మేనత్త లేసుని మెషీన్ పాలు చేయకుండా, గోడకి పెట్టే ముక్క చుట్టూ కుట్టండి, లేదా చెల్లెలికి ఇవ్వండి.

హైదరాబాద్ మనవడికి ముత్తాతగారి పంచెలు. పదేళ్ల పిల్లవాడికి చిలకలూ గులాబీలూ అంటే సిగ్గేమో, వాడినే అడగండి. సరేనంటే విప్పిన చిలకల సగం వాడి బొంత మధ్యలో, వద్దంటే గోడకి. తెల్ల పంచెల మీద వాడికి నచ్చిన రంగు దారంతో ఉత్త దూస కుట్టు వేస్తే ఎండాకాలం ఏసీ గదిలో కప్పుకోవడానికి అంతకన్నా సుఖమైంది లేదు. టేబుల్ క్లాతు మాత్రం ఏ బొంతలోనూ కలపకండి. దళసరి మేటీ, పలచని వాయిల్ కలిస్తే కుట్టు దగ్గర పలచనిదే చిరుగుతుంది. నానబెట్టి పసుపు వదిలించి, దాన్ని బల్ల మీద పరుచుకుని వాడుకోండి.

ఒక మూల పేరు కుట్టడం మరిచిపోకండి. బెంగాల్‌లో మానదాసుందరి అనే ఆవిడ పందొమ్మిదో శతాబ్దంలో తండ్రి కోసం కాంతా అనే బొంత కుట్టి, ఎవరి కోసం కుట్టిందో దాని మీదే సూదితో రాసుకుంది. గురుసదయ్ దత్ అనే ఆయన సేకరణలో ఉన్న ఆ కాంతా ఎవరిదో ఇవాళ మనకి తెలుస్తోందంటే ఆ అక్షరాల వల్లే. చీర ఎవరిది, ఎవరు కుట్టారు, ఎవరికి, ఏ ఊరు, ఏ సంవత్సరం అని కాడ కుట్టుతో తెలుగులో రాయండి. డాలస్ పిల్లల కోసం కింద ఇంగ్లీషులోనూ రాయండి. రెండు బొంతల మీద మీ ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర్లూ ఉండాలి. చెల్లెలు ఒక్కరే కుట్టిన దాని మీద ఆవిడ పేరొక్కటే.

కోడలికి ఏడో నెల అన్నారు కాబట్టి ఆట బొంత ముందు మొదలుపెట్టండి. మూడు పొరల వాయిల్ కాబట్టి ఇద్దరు కూర్చుంటే నెలలో తేలిపోతుంది. అబ్బాయి దగ్గరికి వెళ్లేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికి ఇవ్వండి. పార్సిల్లో పంపాల్సి వస్తే ప్లాస్టిక్ కవర్లో బిగించకుండా ముందు నూలు గుడ్డలో చుట్టండి, చెమ్మ పట్టదు.